మోడల్ గూడ్స్ వ్యాగన్ తయారీ: డైకి డబ్బు కట్టే ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ దగ్గర ఒక పాత నాలుగు చక్రాల ఓపెన్ వ్యాగన్ డ్రాయింగ్ ఉంది. దాన్ని కంప్యూటర్‌లో గీసి, 1:87 స్కేల్‌లో రెజిన్ (ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్) ప్రింట్ ఒకటి తీశారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నలభై మంది దాకా "నాకూ కావాలి" అన్నారు. ఇప్పుడు ఇంజెక్షన్ మౌల్డింగ్‌కి డై, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపే ఉక్కు అచ్చు, చేయించి 500 తీసి అమ్మొచ్చా, ఎక్కడ దెబ్బతినే అవకాశం ఉంది అని మీ ప్రశ్న.

నేరుగా జవాబు: ఇప్పుడే డై చేయించకండి. ముందు 60 నుంచి 100 దాకా రెజిన్‌లో తీయండి. ఆ బ్యాచ్‌లో మీ శ్రమలో ముప్పావు వంతు బాడీ మీద కాకుండా దాని కింద ఉండే ఫ్రేమ్, ఇరుసులు, కప్లింగ్ (వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) మీద పెట్టండి. అవి కుదిరి, కొన్నవాళ్లే మళ్లీ అడిగితే అప్పుడు డై మాట ఆలోచించవచ్చు.

నేను పదమూడేళ్లుగా చిన్న బ్యాచ్‌లలో వ్యాగన్లు చేస్తున్నాను. ఇప్పటికి ఆరు మోడళ్లు వచ్చాయి, రెండు డై మీద, నాలుగు రెజిన్‌లో. ఈ ఆరింటిలో బాడీ బాగాలేదని నాకు తిరిగొచ్చిన వ్యాగన్ ఒక్కటీ లేదు. వచ్చినవన్నీ పట్టాలు తప్పుతోందనో, కప్లింగ్ ఊడుతోందనో, బ్రేకు కడ్డీ విరిగిందనో వచ్చినవే. కొనేవాడు ఫొటోలో బాడీ చూసి కొంటాడు. పట్టాల మీద పెట్టాక తిట్టేది మాత్రం అడుగు భాగాన్నే.

డై సంగతి ఎందుకు వద్దన్నానో చెబుతాను. డై ఖర్చు ఒక్కసారే పడుతుంది. దాని నుంచి పది తీసినా పదివేలు తీసినా ఆ ఖర్చు మారదు. నా మొదటి డై మీద సుమారు 500 తీశాను. ఒక్కో వ్యాగన్ మీద పడిన డై భారం లెక్కేస్తే ప్లాస్టిక్, చక్రాలు, రంగు, కూలీ, పెట్టె అన్నీ కలిపినదానికంటే ఎక్కువ తేలింది. లెక్క సరిపడింది ఎప్పుడంటే, అదే డై మీద కొద్ది మార్పులతో ఇంకో రెండు రకాలు తీశాక. అందుకే నేను ఎవరికైనా మొదట వేసే ప్రశ్న, "ఈ వ్యాగన్‌కి అన్నదమ్ములు ఎంతమంది?" అని. అదే ఫ్రేమ్ మీద ఎత్తు పక్కలున్న రకం, తలుపులు వేరేగా ఉన్న రకం, మామూలు బేరింగ్ పెట్టెలూ రోలర్ బేరింగ్ పెట్టెలూ, చేతిబ్రేకు ఒకవైపే ఉన్నది, రెండువైపులా ఉన్నది, ఇలా అసలు రైల్వేలో ఎన్ని రకాలు తిరిగాయో పట్టిక రాయండి. మూడుకు మించి ఉంటే, మారే భాగాలను విడి ముక్కలుగా డైలో బిగించేలా మొదటే చెప్పి చేయించుకోవచ్చు. ఒక్క రకమే ఉంటే రెజిన్‌తోనే సరిపెట్టుకోండి.

నలభై మంది అన్న లెక్క గురించి కూడా ఒక మాట. నా నాలుగో వ్యాగన్‌కి అరవై మందికి పైగా చేతులెత్తారు. కొంచెం అడ్వాన్సు కట్టమన్నాక మూడో వంతు మిగిలారు. నిరాశపడ్డాను గానీ, మిగిలినవాళ్ల ఆర్డర్లు చూస్తే ఒక్కొక్కరు ఆరేసి, పన్నెండేసి అడిగారు. ఇంజన్ అయితే ఒకటి కొని ఊరుకుంటారు, గూడ్స్ బండికి రేక్, అంటే వ్యాగన్ల వరుస, కావాలి కదా. కాబట్టి మనుషుల్ని లెక్కపెట్టకండి, అడ్వాన్సు తీసుకుని వ్యాగన్లు లెక్కపెట్టండి.

రెజిన్‌లో తీయడానికి రెండు దారులు. ఒకటి, ప్రతి వ్యాగన్‌నీ నేరుగా ప్రింట్ చేయడం. రెండు, బాగా ప్రింట్ చేసి నున్నగా తీర్చిన ఒక మాస్టర్ మీద సిలికోన్ రబ్బరు అచ్చు చేసుకుని, అందులో పాలియురెథేన్ రెజిన్ పోత పోయడం. ఒక్కో రబ్బరు అచ్చు నుంచి పాతిక, ముప్పై పోతలు చక్కగా వస్తాయి. ఆ తర్వాత సన్నని వివరాల చుట్టూ రబ్బరు చిరగడం మొదలవుతుంది, రివెట్ల పక్కన చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఓపెన్ వ్యాగన్ బాడీకి నేను పోతనే ఎంచుకుంటాను. నేరుగా ప్రింట్ చేసిన పలుచని గోడలు సరిగ్గా కడిగి, అతినీలలోహిత కాంతిలో సమంగా గట్టిపరచకపోతే, కొన్ని వారాలకు పక్కలు లోపలికి వంగుతాయి. చేసినరోజు తిన్నగానే ఉంటుంది, అదే మోసం.

ఇక డ్రాయింగ్. దాన్ని పూర్తిగా నమ్మకండి. డ్రాయింగ్ అంటే కట్టాలనుకున్న వ్యాగన్. పట్టాల మీద తిరిగింది అదే కానక్కర్లేదు. నా రెండో వ్యాగన్‌కి డ్రాయింగ్‌లో బ్రేకు ఒకవైపే ఉంది. ఒక మ్యూజియంలో నిలబెట్టిన అసలు వ్యాగన్ కొలవడానికి వెళితే రెండువైపులా ఉంది. కళ్లారా చూశాం కదా అని రెండువైపులా పెట్టి 80 తీసేశాను. తర్వాత వ్యాగన్ మరమ్మతు షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు చూసి, "రెండో వైపు బ్రేకు మేం తర్వాత పెట్టిందండీ, మీరు వేసిన రంగు అప్పటికే పోయింది" అన్నారు. అంటే నా వ్యాగన్ మీద రంగు ఒక కాలానిది, బ్రేకు ఇంకో కాలానిది. అమ్ముడుపోయాయి గానీ తెలిసినవాళ్లు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. ఇప్పుడు మొదట ఒక సంవత్సరం ఎంచుకుంటాను. వ్యాగన్ నంబరు చదవడానికి వీలైన, తేదీ తెలిసిన ఫొటోలు ఆ కాలానివి దొరికితేనే కంప్యూటర్ తెరుస్తాను. కొలవడానికి వెళ్తే ఫొటోల్లో ఎప్పుడూ కనబడని చోట్ల ఎక్కువ సమయం గడపండి: ఫ్రేమ్ కింద, బఫర్ల (వ్యాగన్ చివర్లలో తాకిడిని ఆపుకునే మొద్దుల) వెనక, తలుపు గొళ్లేల దగ్గర. ప్రతి ఫొటోలో ఒక స్కేలు బద్ద ఉండాలి.

స్కేల్ విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. 1:87లో 0.1 మి.మీ. అంటే అసలు బండి మీద దాదాపు 9 మి.మీ. అసలు వ్యాగన్ పక్క 5 మి.మీ. ఉక్కు రేకు అయితే మోడల్‌లో అది 0.06 మి.మీ. రావాలి. అంత పలుచగా ఏ పద్ధతిలోనూ పోయలేం. 0.8 మి.మీ. గోడ పెడితే స్కేల్‌లో 7 సెంటీమీటర్ల మందం, కోటగోడలా ఉంటుంది. కానీ మనిషి కన్ను చూసేది పై అంచు మందాన్ని మాత్రమే. అందుకని గోడ 0.8 ఉంచి, లోపలివైపు పైనున్న రెండు మిల్లీమీటర్లు వాలుగా చెక్కి అంచుకి వచ్చేసరికి 0.4కి దించండి. మీ ప్రింట్ ఫొటోలో ఇదే లోపం నాకు మొదట కనబడింది.

అదే ఫైలును పెంచో తగ్గించో వేరే స్కేళ్లలో అమ్మొచ్చా అని కూడా చివర్లో అడిగారు. వద్దు. 1:160 ఎన్ స్కేల్‌కి తగ్గిస్తే మీ 0.8 గోడ 0.43 అవుతుంది, చేతిలోనే విరుగుతుంది. 1:76 ఓఓకి పెంచితే ఇంకో చిక్కు. అక్కడ బాడీ పెద్దదైనా పట్టాల గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, హెచ్‌ఓలో (మీ 1:87లో) ఉన్న 16.5 మి.మీ.నే. అసలు స్కేల్ ప్రకారం 18.83 రావాలి. చక్రాలు బాడీతో పాటు పెరగవు, ఫ్రేమ్ కింద భాగం మొత్తం మళ్లీ గీయాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం, అడుగు భాగం. మీ ప్రింట్‌లో ఇరుసు నేరుగా రెజిన్ రంధ్రంలో తిరుగుతోంది. షోకేసులో పెట్టడానికైతే సరే, నడపడానికి పనికిరాదు. ఇరుసు కొనలు సూదిమొనల్లా ఉండే పిన్‌పాయింట్ రకం చక్రాలు తీసుకుని, వాటికి ఇత్తడి బేరింగ్ కప్పులు పెట్టండి. సూదిమొన కోణం కంటే కప్పు లోపలి కోణం కొంచెం విశాలంగా ఉంటుంది, అందుకే ఇరుసు మొన ఒక్కటే తగులుతుంది, రాపిడి దాదాపు ఉండదు. రెండు కప్పుల మధ్య ఇరుసు పక్కకు కదిలే సందు 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే సరి. బిగిస్తే చక్రం ఆగుతుంది, వదులైతే వ్యాగన్ ఊగుతుంది. నా పరీక్ష తేలిక: మీటరు పొడవు పట్టా ముక్కను ఒకవైపు 2 సెం.మీ. ఎత్తిపెట్టి వ్యాగన్ వదులుతాను. తనంతట తాను కదిలి చివరిదాకా పోవాలి. మధ్యలో ఆగితే మళ్లీ విప్పాల్సిందే.

చక్రాలు మీరు చేయకండి, కొనండి. అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫార్సు చేసిన ఆర్‌పీ-25 అంచు ఉన్నవైతే చాలా రకాల పట్టాల మీద నడుస్తాయి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వచ్చిన ప్రతి జతకీ కొలవండి. ఒక ప్యాకెట్‌లో అన్నీ ఒకేలా ఉంటాయని అనుకోవద్దు, పాయింట్ల (పట్టా దారి చీలే చోట్ల) దగ్గర వ్యాగన్ ఎగరడానికి సగం కారణం ఇదే.

బోగీ వ్యాగన్‌కి, అంటే రెండు చివర్లా విడిగా తిరిగే చక్రాల చట్రాలున్నదానికి, లేని జబ్బు ఒకటి నాలుగు చక్రాల వ్యాగన్‌కి ఉంది. నాలుగు కాళ్ల కుర్చీ గచ్చు మీద ఊగుతుంది చూడండి, అదే. ఆర్‌పీ-25 కోడ్ 110 (0.110 అంగుళాల వెడల్పు) చక్రానికి ఫ్లాంజ్, అంటే పట్టా లోపలివైపు దిగే అంచు, లోతు దాదాపు 0.64 మి.మీ. మాత్రమే. మీ ఫ్రేమ్ 0.3 మి.మీ. మెలితిరిగితే ఒక చక్రం గాలిలో ఉండి, పట్టు సగం పోయినట్టే. ఆ చక్రం ఏదో ఒక వంపులో పట్టా ఎక్కేస్తుంది. చూడటానికి అద్దం చాలు. వ్యాగన్‌ని అద్దం మీద పెట్టి, నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో మెల్లగా నొక్కండి. టిక్కుమని చిన్న చప్పుడు వచ్చిందా, ఆ మూల లేచి ఉంది. వంద రెజిన్ ఫ్రేములను తిన్నగా ఉంచడం నావల్ల కాలేదు, అందుకే ఒక ఇరుసును గట్టిగా బిగించి, రెండోదాన్ని మధ్యలో ఒక కడ్డీ మీద కొంచెం ఊగేలా పెట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి పట్టాలు తప్పుతోందన్న ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది.

ఇరుసును పట్టుకునే యాక్సిల్ గార్డులు రెజిన్‌లో వద్దు. నా మూడో వ్యాగన్‌కి అవే పెట్టాను. పంపేటప్పుడు అన్నీ బాగున్నాయి. పెట్టెలో, వేడిలో రెండు నెలలు ఉన్నాక ఆ కాళ్లు 0.4 మి.మీ. బయటికి విచ్చుకున్నాయి. కొన్నాయన వ్యాగన్ చేతిలోకి తీసుకోగానే చక్రాలు ఒళ్లో పడ్డాయట. 22 వ్యాగన్లు వెనక్కి తెప్పించి, యాసిడ్‌తో కొరికించిన పలుచని ఇత్తడి రేకు గార్డులు వేసి పంపాను. ఇప్పుడు మొదటి నుంచీ ఇత్తడివే.

బరువు. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫార్సును గ్రాముల్లోకి మారిస్తే హెచ్‌ఓకి 28 గ్రాములు, ఆపైన పొడవు సెంటీమీటరుకు సుమారు 5.6 గ్రాములు. 10 సెం.మీ. వ్యాగన్‌కి 84 గ్రాములన్నమాట. ఖాళీ ఓపెన్ వ్యాగన్‌లో అంత బరువు దాచడం కష్టం, పైన మూత లేదు కదా. ఫ్లోరు లోపల 90 × 28 మి.మీ. కొలతలో 1 మి.మీ. ఉక్కు రేకు పెడితే వచ్చేది 20 గ్రాములే. నా అనుభవంలో చక్రాలు తేలిగ్గా తిరిగితే మొత్తం 50 గ్రాములు చాలు, కానీ రేక్‌లో అన్నీ ఒకే బరువుండాలి. ఇంజన్ వెనక తేలిక వ్యాగన్, దాని వెనక పది బరువైనవి ఉంటే, వంపులో ఆ తేలికదాన్ని తాడులా లోపలికి లాగి పడేస్తాయి. బరువు కోసం జింకు మిశ్రమంతో ఫ్రేమ్ పోత పోయిద్దామా అని కొందరు అంటారు. మిశ్రమంలో సీసంలాంటివి కొంచెం కలిసినా కొన్నేళ్లకు లోహం లోపలి నుంచి పగిలి, ఉబ్బి, పొడిపొడిగా రాలిపోతుంది. పాత మోడళ్లు దాచుకునేవాళ్లను అడగండి, చెబుతారు. పోతపోసే చోట మిశ్రమం శుద్ధి మీద గట్టి నమ్మకం లేకపోతే ఉక్కు రేకే మేలు.

కప్లింగ్‌కి యూరప్ మోడల్ రైళ్ల ఎన్‌ఈఎమ్ 362 ప్రమాణం ప్రకారం పాకెట్, అంటే కప్లింగ్ దూర్చే గూడు, పెట్టండి, కొన్నవాళ్లు తమకు నచ్చిన కప్లింగ్ మార్చుకుంటారు. పాకెట్ ఎత్తు అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఎత్తు ఎక్కేచోట కప్లింగులు జారి విడిపోతాయి. రంగు వేశాక, బరువు పెట్టాక, అసలు చక్రాల మీద నిలబెట్టి ఎత్తు కొలవాలి. నేను ఒకసారి వేరే చక్రాల మీద కొలిచాను, ఆ కథ చెప్పను.

మీరు రేపెప్పుడో డై దాకా వెళితే, ఇప్పటి నుంచే గీతలో పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డైలో లోహాన్ని తవ్వితే ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తుగా వస్తుంది. అందుకే రివెట్లు తేలిక, ఉక్కులో చిన్న గుంటలు పెడితే చాలు. చెక్క పలకల మధ్య గీతలు కష్టం, ఎందుకంటే వాటికి డైలో సన్నని గట్లు మిగలాలి, చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. సాధారణంగా ఆ పని ఎలక్ట్రోడ్ పెట్టి నిప్పురవ్వలతో ఉక్కును కరిగించే ఈడీఎమ్‌తో చేస్తారు, డై ఖర్చు అక్కడ పెరుగుతుంది. ప్లాస్టిక్ డై నుంచి ఊడి రావడానికి గోడలకు కనీసం ఒక డిగ్రీ వాలు కావాలి. 14 మి.మీ. ఎత్తు గోడకు అది పావు మిల్లీమీటరు. నాలుగు పక్కలా వివరాలున్న బాడీ ఒకే ముక్కగా రావాలంటే డైలో నాలుగు వైపులకూ జరిగే ముక్కలు (స్లైడ్లు) కావాలి, లేదంటే పక్కలు విడివిడిగా తీసి మూలల్లో 45 డిగ్రీల కోతతో అతికించాలి. మొదటిదానికి డై ఖరీదు, రెండోదానికి కూలీ ఖరీదు. బయట మందమైన పట్టీ ఉన్నచోట గోడ వెనక కూడా మందం పెరిగితే చల్లారేటప్పుడు ప్లాస్టిక్ లోపలికి లాగి ముఖం మీద సొట్ట పడుతుంది. పట్టీ వెనక లోపలివైపు అంతే తవ్వి గోడ మందం సమంగా ఉంచండి.

ఇక్కడే నా సొంత తెలివితక్కువ పని ఒకటి. ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లారితే సుమారు అర శాతం కుంచించుకుంటుంది, డై ఆ మేరకు పెద్దగా చేస్తారు. రెండో డైలో ఫ్లోరు కూడా ఏబీఎస్‌కే చేయించాను. తీరా మొదటి నమూనాలు వచ్చాక, "జారుడుగా ఉంటుంది, బేరింగులకు మంచిది" అని ఫ్లోరును అసిటాల్ అనే ఇంకో ప్లాస్టిక్‌లో పోయమన్నాను. అసిటాల్ కుంచించుకునేది రెండు శాతం దాకా. 10 సెం.మీ. ఫ్లోరు ఒకటిన్నర మిల్లీమీటరు పొట్టిదై బాడీలో గలగలమంది. పైగా అసిటాల్‌కి జిగురు అంటదు, రంగు నిలవదు. కార్ఖానావాళ్లు ముందే అడిగారు, "ఖాయమేనా?" అని. ఖాయమేనన్నాను.

రాతలు, గుర్తులు వేసే పని డీకాల్స్‌తో (తడిపి అంటించే పలుచని అచ్చు రాతలు) మొదలుపెట్టండి. సంఖ్య పెరిగితే ప్యాడ్ ప్రింటింగ్, అంటే చెక్కిన పలక మీది సిరాను సిలికోన్ మెత్తతో ఎత్తి బాడీ మీద అద్దడం. ఒక్కో రంగుకు ఒక్కో అద్దకం, కాబట్టి రెండు రంగుల గుర్తు ఉంటే రెండోది మొదటిదాని మీద సరిగ్గా కూర్చుందో లేదో భూతద్దంతో చూడాలి. గట్టి పట్టీల పక్కన మెత్త సరిగా దిగదు, అక్షరం సగం మిగిలిపోతుంది. అసలు రైల్వే వాళ్లు కూడా పట్టీలు తప్పించే రాస్తారు, ఫొటో చూసుకోండి. వ్యాగన్ నంబర్లు మాత్రం కనీసం ఆరు వేరువేరుగా ఉండాలి. పన్నెండు వ్యాగన్ల రేక్ కొన్నవాడికి అన్నింటి మీదా ఒకే నంబరు కనబడితే మళ్లీ మీ గడప తొక్కడు. ఏదైనా కంపెనీ గుర్తు వేస్తుంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మొదటి నమూనా చేతికొచ్చాక టెన్షన్‌లో అందరూ రంగు చూస్తారు. దాన్ని చివరికి పెట్టుకోండి. పది వ్యాగన్లు కలిపి, ఇంజన్‌తో వెనక్కి నెట్టండి. మీ కొనుగోలుదారులు వాడే అతి చిన్న వంపులో, ఎడమ కుడి వెంటవెంటనే వచ్చే ఎస్ ఆకారంలో, పాయింట్ల మీదుగా నెట్టాలి. లాగేటప్పుడు దాగిన తప్పులన్నీ నెట్టేటప్పుడు బయటపడతాయి. వేరే తయారీదారుల వ్యాగన్లు కూడా మధ్యలో కలపండి, ఎవరింట్లోనూ మీ వ్యాగన్లు ఒక్కటే ఉండవు.

చివరగా పెట్టె. వ్యాగన్ బరువు బ్రేకు కడ్డీల మీద, బఫర్ల మీద పడకుండా, ఫ్రేమ్ రెండు చివర్లా పట్టుకునేలా నురుగులో గాడి కోయించండి. పెట్టెను మీ నడుము ఎత్తు నుంచి మూల కిందికి వచ్చేలా మూడుసార్లు పడేసి, విప్పి చూడండి. నాకు ప్రతిసారీ మొదట విరిగేది చేతిబ్రేకు కడ్డీయే. అందుకే ఇప్పుడు ప్రతి పెట్టెలో చిన్న కవర్లో రెండు కడ్డీలు, ఒక బఫర్, ఒక బేరింగ్ కప్పు అదనంగా వేస్తాను. ఆ కవర్ పెట్టడం మొదలయ్యాక విరిగిందంటూ వచ్చే ఉత్తరాలు బాగా తగ్గాయి, వచ్చినవి కూడా ఎక్కువగా కప్పు ఎక్కడో జారి పోయింది, ఇంకోటి పంపగలరా అనే.